బుధవారం ఐదో గంట

ఆ ఉదయం చేయాల్సిన పనులు ఇవి:

అమ్మ కళ్ళజోడు స్క్రూ బిగించాలి.
మొదటి సంవత్సరం హాజరు పట్టీ ఆఫీసులో ఇవ్వాలి.
టైమ్‌టేబుల్ కాపీలు ఎనిమిది తీయాలి. కమిటీలో ఉన్నది ఏడుగురే, కానీ ఎవరో ఒకరు టీ ఒలకబోస్తారు.
ఐదు నిమిషాల ప్రసంగాన్ని మూడు నిమిషాలకు కుదించాలి.
ప్రతి మాటా "అది కాదు సార్" అని మొదలుపెట్టకూడదు.
మేడమ్ ప్రస్తావన రాగానే గొంతు పూడుకుపోకుండా చూసుకోవాలి.
నీళ్ళు తాగాలి. మరీ ఎక్కువ తాగకూడదు.

మొదటి మూడూ అయ్యాయి. ప్రసంగం మాత్రం కుదించేకొద్దీ పెరిగింది. పదింటికల్లా వచ్చి కమిటీ గది బయట బెంచీ మీద కూర్చుంది ఆమె, ఒళ్ళో ఫైలు, ఫైలు మీద రెండు చేతులూ, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు. లోపల చర్చకు ఆరు అంశాలు, తనది ఆరోది. మొదటిది మంచినీళ్ళ ట్యాంకు మూత, దాని మీదే అరగంట నుంచి వాదన నడుస్తోంది, తలుపు సందులోంచి "వ్యాసం", "వ్యాసం కాదండీ బాబూ, చుట్టుకొలత" అనే మాటలు బయటికి వస్తున్నాయి. ఈ లెక్కన పదకొండు దాటితే గానీ పిలవరు. మంచిదే, గంట టైముంది, ఇంకోసారి చదువుకుందాం అని ఫైలు తెరిచింది, "గౌరవనీయులైన కమిటీ సభ్యులకు" అన్నంతవరకు చదివి మూసేసింది. గౌరవనీయులైన అన్నచోటే సగం ధైర్యం ఖర్చయిపోతోంది, మిగతా సగంతో మూడు నిమిషాలు ఎక్కడ లాగడం. ఎదురుగోడకు ప్రకటనల బోర్డు, దాని మీద నిన్న అంటించిన కాగితం, చదవకూడదనుకుంటూనే మళ్ళీ చదివింది: ఆరవ అంశం, శుక్రవారం చివరి గంటలో నడుస్తున్న తప్పుల గంట తొలగింపు, ఆ స్థానంలో పరీక్షా సాధన. ఒకటిన్నర వరుస. ముప్పై ఏళ్ళు నడిచిన గంటను తీసేయడానికి ఒకటిన్నర వరుస చాలింది, అందులోనూ ఆ అర వరుస కొత్త తరగతికే పోయింది.

తప్పుల గంట అనగానే బయటివాళ్ళు గోడకుర్చీలూ గుంజీలూ ఉంటాయనుకుంటారు. అలాంటివేం లేవు. మొదటి సంవత్సరం తొంభై మందీ పెద్ద హాల్లో గుండ్రంగా కూర్చుంటారు, ఆ వారం రాసిన ప్రోగ్రాముల్లో తప్పు దొరికినవాళ్ళు లేచి చెబుతారు, నేను ఇలా అనుకున్నాను, యంత్రం అలా చేసింది, తేడా ఇక్కడుంది, అంతే, మూడు ముక్కలు. మార్కులుండవు, ఎగతాళి ఉండదు, నవ్వుంటుంది. రెండే నియమాలు. ఒకటి, ముందు చెప్పాల్సింది పాఠం చెప్పేవాళ్ళు. రెండు, దిద్దేశాక చెప్పడం కాదు, దిద్దకముందే చెప్పాలి, తప్పు ఇంకా వెచ్చవెచ్చగా ఉండగానే. పెట్టింది 'తర్వాత మేడమ్'. ఈ కాలేజీలో కంప్యూటరు విభాగం తెరిచింది ఆవిడే, కంప్యూటరు చదువంటే యంత్రాలు కొనడం కాదు, మనిషికి మెట్టు మెట్టుగా ఆలోచించడం నేర్పడం అని ఎవరికీ వినే ఓపిక లేని రోజుల్లో మొదలుపెట్టి, వినేదాకా చెప్పిందీ ఆవిడే. ఎవరేం చెప్పినా "తర్వాత?" అనడం ఆవిడ అలవాటు. టీ పెడతాను మేడమ్. తర్వాత? నీళ్ళు మరిగిస్తాను. దేంట్లో, ఇంకా గిన్నె తీయలేదుగా? ఒకరోజు వాచ్‌మన్ "ఇంటికెళ్ళి పడుకుంటా మేడమ్" అని పాపం మర్యాదకి చెప్పాడు, "తాళం తీయకుండానే?" అంది, అతను నెలరోజులు ఆవిడ కనబడితే స్తంభం చాటుకు తప్పుకునేవాడు. పిల్లలు పెట్టిన ఆ పేరు ఆవిడ చెవిన పడింది, మర్నాడు తన గది తలుపు మీద సుద్దముక్కతో తనే రాసుకుంది, 'తర్వాత మేడమ్ లోపలే ఉంది, తట్టక్కర్లేదు'.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ గంట జోలికి ఎవరూ పోలేదు. పోయి నాలుగు నెలలైంది, అంతే, కాగితం బోర్డెక్కింది. పెట్టించినవాడు పరీక్షల అధికారి, చెడ్డవాడని చెప్పడానికి కూడా లేదు, వేళ తప్పని మనిషి, నాలుగు రంగుల పెన్నుతో నాలుగు రకాల సంతకాలు చేసే మనిషి. మొన్న మెట్ల దగ్గర ఆపి చాలా మర్యాదగానే చెప్పాడు, "ఆవిడంటే నాకూ గౌరవమే మేడమ్. కానీ గౌరవానికి గంట కావాలంటే ఎలా? ఖాళీ చూపించండి, రెండూ పెట్టుకుందాం. ఖాళీలు సున్నా అని మీ కాగితమే చెబుతోంది. ఆ ప్రోగ్రాము రాసింది మీరే కదా?" ఆమే. పదేళ్ళుగా కాలేజీ మొత్తానికీ టైమ్‌టేబుల్ వేసేది ఆమె రాసిన ప్రోగ్రామే, అందుకే వెనకాల తనని టైమ్‌టేబుల్ మేడమ్ అంటారని తనకీ తెలుసు, లోలోపల అది తనకి ఇష్టమని మాత్రం వాళ్ళకి తెలియదు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తను. తన చేత్తో రాసిన కాగితం గోడెక్కి, దాన్ని చూసి రెండువేల మంది కుడికీ ఎడమకీ తిరుగుతారంటే చిన్న సంగతా? అంత నమ్మకమైన కాగితమే ఇప్పుడు తన నోరు నొక్కేస్తోంది. ఖాళీలు: సున్నా.

బెంచీ ఒక కాలు పొట్టిది, కదిలినప్పుడల్లా టక్కుమంటోంది, తను మొదటి సంవత్సరం చదివినప్పటి పాత ల్యాబులో స్టూళ్ళు కూడా ఇలాగే, కానీ ఆ స్టూలెక్కడానికి మూడు వారాలు పట్టింది కదా. ఎనిమిది యంత్రాలు, తొంభై మంది పిల్లలు. అద్దాల తలుపు, లోపల చలి, చెప్పులు బయట, తాళంచెవి మేడమ్ మెడలో. అందరూ ఆ అద్దానికి ముక్కులు ఆనించి చూసేవాళ్ళే, ముక్కు ముద్రలు తుడవడానికి ఒక మనిషి. మూడు వారాలు లోపలికి రానివ్వనంది ఆవిడ. పిల్లల చేతులకు అంకెల అట్టలిచ్చి నడవాలో వరసగా నిలబెట్టింది, మీరే యంత్రం, నడవండి. ఇంటికెళ్తే అమ్మ ఆశగా అడిగేది, "ఇవాళైనా కంప్యూటరు చూశావా?" "లేదమ్మా, ఇవాళ నేనే కంప్యూటరుని." ఫీజు కట్టి నిలబడి రావడమేంటో అమ్మకి అర్థమయ్యేది కాదు, తనకీ అంతంతమాత్రమే. ఇంతకీ ఆ రోజు. పన్నెండు మంది వరసలో అంకెలు పట్టుకుని నిలబడ్డారు, ఒకడు రాకపోతే మూడో నంబరు అట్ట పట్టుకుని మేడమే వాడి చోట నిలబడింది. తన పని పోల్చడం. పక్కపక్కనున్న ఇద్దర్ని చూడాలి, ఎడమవైపు పెద్ద అంకె ఉంటే ఇద్దరూ చోట్లు మార్చుకోవాలని చెప్పాలి, ముందుకు పోవాలి, చివరిదాకా వచ్చాక మళ్ళీ మొదటినుంచి, ఎవరూ మారనక్కర్లేనంతవరకు. బాగానే సాగింది. మేడమ్ దగ్గరకొచ్చేసరికి ఎడమవైపు తొమ్మిది, కుడివైపు మూడు అట్టతో మేడమ్. జరగమని చెప్పాలి. చూసింది. గుటక వేసింది. ఏమీ ఎరగనట్టు ముందుకెళ్ళిపోయింది. రెండోసారి వచ్చింది, రెండోసారీ అంతే. చివరికి వరసంతా దువ్వినట్టు కుదిరింది, పెద్ద అంకెల మధ్యలో మూడు మాత్రం అలాగే నిలబడి ఉంది, కళ్ళజోడు సర్దుకుంటూ.

"అంకెలు కనబడలేదామ్మా?"

"కనబడ్డాయి మేడమ్."

"మరి?"

"మిమ్మల్ని జరగమని ఎలా అంటాను మేడమ్?"

నడవా అంతా గొల్లుమంది. తనకి నేల చీలితే బాగుండునని ఉంది, తల ఎత్తితే మేడమ్ అక్కడ లేదు, కింద ఉంది, అట్టతో సహా నేల మీద కూలబడి, కళ్ళజోడు తీసి, నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. ఆ నవ్వులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు, అది తనకి అప్పుడే తెలిసింది, ఎందుకంటే తనకీ నవ్వొచ్చేసింది. లేచి దుమ్ము దులుపుకుని ఆవిడ అందరికీ చెప్పింది, యంత్రానికి పెద్దా చిన్నా లేదు, చెప్పిందే చేస్తుంది, అదే దాని గొప్ప, అదే దాని లోటు, ఇరవై పేజీల పాఠంలో నేను చెప్పలేనిది ఈ అమ్మాయి ఒక్క తప్పుతో చెప్పింది. అని ఊరుకోలేదు, శుక్రవారం చివరి గంటకి అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ముందు తన తప్పు తను చెప్పింది. "గురువుని తీసుకెళ్ళి వరసలో నిలబెట్టాను, పిల్లలు మొహమాటపడతారని అనుకోలేదు, అది నా ప్రోగ్రాములో తప్పు. ఇప్పుడు నువ్వు చెప్పు." తను లేచి చెప్పింది. చెప్పడం అయ్యాక ఆకలేసింది, విపరీతంగా. తప్పుల గంట అలా మొదలైందని ఏ రికార్డులోనూ లేదు. కమిటీకిచ్చే ప్రసంగంలో రాద్దామనుకుంది, రాసి కొట్టేసింది, తన గొప్ప తను చెప్పుకున్నట్టుంటుందని. తప్పు చేయడం కూడా గొప్పేనా అని మళ్ళీ రాసింది. మళ్ళీ కొట్టేసింది.

లోపల ట్యాంకు మూత అయినట్టుంది, ఇప్పుడు సైకిల్ స్టాండు. కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరిదో దగ్గు. కుట్టుమిషను కూడా ఇలాగే దగ్గేది, అమ్మ తొక్కుడు మిషను, నూనె తక్కువైతే. అమ్మ బడి యూనిఫాంలు కుట్టేది, ఇప్పటికీ కుడుతుంది, వద్దంటే వినదు, కళ్ళజోడు ఊడి ఊడి పడుతున్నా సరే. మొదటి సంవత్సరం సగంలో మేడమ్ ఇంటికొచ్చింది, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు, దారిలో ఆగానంది. గది నిండా కాలర్లు, కుర్చీ మీద కాలర్లు, కూర్చునేందుకు చోటు లేక అమ్మ కంగారు పడిపోతోంది, ఆవిడ మాత్రం గోడకు మేకుకి వేలాడుతున్న కాగితపు నమూనాల దగ్గరికెళ్ళి నిలబడిపోయింది. వీపు, ఛాతీ, చేయి, జేబు, ఒక్కోదాని మీద అమ్మ రంగుపెన్సిల్‌తో వేసిన అంకెలు. "ఇవేంటమ్మా?" "వరస మేడమ్, ముందు జేబు, తర్వాత భుజం, తర్వాత కాలరు, చేతులు చివర్న." "ముందు చేతులు వేస్తే?" "కాలరు మిషను కింద తిరగదు." "తప్పు కుడితే?" అమ్మ ఆవిడ వైపు అదోలా చూసింది, చదువుకున్నావిడ ఇదడుగుతుందేంటని. "విప్పాలి మేడమ్. ఇంకేం చేస్తాం? దాచి ఇస్తే మొదటి ఉతుక్కే బయటపడుతుంది, పిల్లాడు బడిలో నవ్వులపాలు." మేడమ్ తన వైపు తిరిగి, "మీ ఇంట్లో నీకన్నా ముందు ప్రోగ్రాములు రాసేవాళ్ళున్నారని చెప్పలేదేం?" అంది. ఆ మాట అమ్మకి పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఆ సాయంత్రం పక్కింటావిడతో చాలాసేపు మాట్లాడింది. మరుసటి ఏడాది నుంచి మొదటి పాఠంలో ఆ కాగితపు చొక్కా వచ్చి చేరింది. బోర్డుకి చొక్కా వీపు అంటించి కంప్యూటరు పాఠం చెబుతుంటే కొత్త ప్రిన్సిపాల్ ఒకాయన కిటికీలోంచి చూసి, గది తప్పాననుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఎక్కడెక్కడికి తిరిగిందో ఆవిడ. సెలవులొస్తే చాలు, రేకు పెట్టెలో అట్టముక్కలు, దారపుండలు, అగ్గిపెట్టెలు సర్దుకుని బడి పంతుళ్ళకి పాఠం చెప్పడానికి బస్సెక్కేది. కరెంటు ఉందో లేదో తెలియని బళ్ళలో కంప్యూటరు పాఠం. వెంట తనూ వెళ్ళింది నాలుగైదుసార్లు, పెట్టె మోయడానికి. ఒక బడిలో లెక్కల మాస్టారు చేతులు కట్టుకుని, "కంప్యూటరు ఏదమ్మా?" అని అడిగాడు, ఆవిడ ఆయన్నే వేలితో చూపించింది, "కూర్చున్నారుగా, ఇక నిలబడండి." సాయంత్రానికి ఆ మాస్టారు అగ్గిపెట్టెలు తనే సర్ది, పెట్టె బస్సుదాకా తనే మోశాడు. ఆవిడ నేర్పిన ముఖ్యమైన పద్ధతి మాత్రం అట్టలూ కాదు అగ్గిపెట్టెలూ కాదు, వేలు. రాసింది ఏదైనా సరే, నిజమని నమ్మేముందు వేలు పెట్టి చదవాలి, ఒక్కో మెట్టు దగ్గర ఆగాలి, అక్కడ ఏం రాసుందో అదే అనుకోవాలి గానీ ఏం రాసి ఉంటుందో అనుకోకూడదు. కన్ను జారుతుంది, వేలు జారదు అనేది. చివరికి ఆసుపత్రిలో కూడా మాత్రల చీటీ మీద వేలు పెట్టి నర్సుని ఆపిందట, "రాత్రిది పొద్దున్న ఇస్తున్నావమ్మా", నర్సు చూసుకుని నాలుక కరుచుకుంటే, "భలే, ఇది మీ వాళ్ళందరికీ చెప్పు" అని ఒకటే సంబరం. తను వెళ్ళిన ఆఖరిరోజున మంచం పక్కన కూర్చోగానే ఎప్పటిలాగే అడిగింది, ఈ వారం నీ తప్పేంటి? "ఏం లేదు మేడమ్." "అయితే ఈ వారం పని చేయలేదన్నమాట." ఏడవాలనుకుని వెళ్ళిన మనిషి నవ్వుతూ బయటికొచ్చింది. బస్సులో మాత్రం ఏడ్చింది, అదీ కాసేపే, పక్క సీటులో ఒకాయన అరటిపండు ఇచ్చాడు.

"టీ అమ్మా." అటెండరు బాబాయి, రెండు నెలల్లో రిటైరవుతాడు, అందుకని ఎవరికీ భయపడడం మానేశాడు. లోపలికెళ్ళే ట్రేలోంచి ఒక కప్పు ఆమె పక్కన పెట్టాడు.

"నాకెందుకు బాబాయ్, లోపలి లెక్కలో తగ్గుతుంది."

"తగ్గదులే. ఒకాయన చక్కెర మానేశాడు, ఇంకొకాయన మాట్లాడుతూ చల్లార్చేస్తాడు. తాగు. మొహం పీక్కుపోయింది." కూలబడ్డాడు బెంచీకి అటుచివర. బెంచీ టక్కుమంది. "ఏంటి, ఆ శుక్రవారం గంటేనా?"

"అదే. ఖాళీ ఎక్కడా లేదంటున్నారు."

"ఖాళీ లేదా? పిల్లలకా?" బాబాయి గుర్రుమన్నాడు. "క్యాంటీను అతన్నడుగు, చెబుతాడు. బుధవారం వస్తే పండగే వాడికి. మొదటి సంవత్సరం వాళ్ళు ఓసారి తిని పోతారా, గంట తిరక్కుండా పై తరగతులతో కలిసి మళ్ళీ దిగుతారు. వయసలాంటిది. మనమూ అలాగే..."

"మళ్ళీ ఎప్పుడు దిగుతారు?"

"అదే, మామూలు భోజనాలప్పుడు. నువ్వు తాగు, చల్లారుతుంది." ట్రే తీసుకుని లోపలికి వెళ్ళాడు.

మామూలు భోజనాలప్పుడు. టీ చేతిలోనే ఉండిపోయింది. బుధవారం క్యాంటీనులో తొక్కిసలాట ఎక్కువవుతోందని ఈ ఏడాది మొదట్లో తనే కదా మొదటి సంవత్సరం వాళ్ళ భోజనాన్ని ఒక గంట ముందుకు మార్చింది, ఐదో గంట నుంచి నాలుగో గంటకి. మార్చింది. మార్చాక? కప్పు కింద పెట్టి ఫైల్లోంచి టైమ్‌టేబుల్ తీసింది, ఎనిమిది కాపీలు తీసినప్పుడు ఎనిమిదిసార్లు కళ్ళ ముందు నుంచి పోయిన కాగితమే, చూపుడువేలు పెట్టింది. సోమవారం, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు భోజనం, ఆరు, ఏడు. మంగళవారం, ఐదు భోజనం. బుధవారం. ఒకటి, గణితం. రెండు, భాష. మూడు, ల్యాబు. నాలుగు, భోజనం. ఐదు. వేలు ఆగింది. ఐదు, భోజనం.

ముందుకు జరిపిన భోజనాన్ని రాసింది, వెనక ఉన్న భోజనాన్ని కొట్టేయలేదు. ప్రోగ్రాము ఏం చేస్తుంది పాపం, ప్రతిరోజూ ఐదో గంట భోజనం అని ఒకసారి చెప్పావు, బుధవారం నాలుగో గంట భోజనం అని ఇంకోసారి చెప్పావు, రెండూ శిరసావహించింది. ఖాళీలు లెక్కపెట్టమంటే భోజనం ఖాళీ కాదు కదా అని సున్నా అంది. కాగితం మీద రెండు గళ్ళలో పక్కపక్కనే భోజనం, భోజనం అని రాసి ఉంటే, ఏడాది పొడుగునా గోడ మీద వేలాడుతుంటే, ఎవరి కన్నూ ఆగలేదు, తన కన్ను కూడా, బుధవారం నాలుగో గంటలో తనకి రెండో సంవత్సరం క్లాసు, మొదటి సంవత్సరం వాళ్ళ మొదటి భోజనం కంటపడదు. తొంభై మంది పిల్లలకి మాత్రం తెలుసు. తొంభై మంది! ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు, ఇళ్ళల్లో ఒక్క రహస్యం దాచలేని పిల్లలు ఏడాది పాటు ఎంత కట్టుదిట్టంగా దాచారు, ఎంత క్రమశిక్షణ, తప్పుల గంటలో వాళ్ళ తప్పులు బుద్ధిగా చెబుతూ టీచరు తప్పు మాత్రం కడుపులో పెట్టుకున్నారు, నిజంగానే కడుపులో. నవ్వు ఎక్కడినుంచో తన్నుకొచ్చింది, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది, బెంచీ టక్ టక్ టక్ మని ఊగింది, ప్రకటనల బోర్డు ముందు నిలబడ్డ ఇద్దరు పిల్లలు భయంగా చూసి పక్కకు తప్పుకున్నారు.

ఖాళీ గంట దొరికింది. బుధవారం ఐదో గంట. పరీక్షా సాధన అందులో పెట్టుకుంటారు, శుక్రవారం జోలికి రారు. ఇక లోపలికెళ్ళి చెప్పడమే. ఏమని చెప్పాలి? సార్, కొంచెం సర్దుబాటు చేశాను, బుధవారం ఒక గంట తీశాను. అంతే. ఎవరూ అడగరు. పైగా మెచ్చుకుంటారు, చూశారా, మన టైమ్‌టేబుల్ మేడమ్ ఎక్కడినుంచో ఒక గంట పుట్టించింది అని. వచ్చే నెల విభాగం బాధ్యత ఎవరికివ్వాలో తేల్చేది కూడా ఈ ఏడుగురే. పరీక్షల అధికారి ఆకుపచ్చ రంగుతో సంతకం పెడతాడు, అమ్మకి చెబితే పక్కింటావిడకు చెబుతుంది. అబద్ధం కూడా కాదు, సర్దుబాటే కదా చేసింది. ఇంటికెళ్ళి ఒక్క వరుస చెరిపేస్తే తప్పు లేనట్టే, ఉండి ఉండనట్టే. ఎంత సులువు. దిద్దేశాక చెప్పడం, అసలు చెప్పకపోవడం. ఆ సులువు చూస్తుంటే నవ్వు మెల్లగా తగ్గింది. తప్పుల గంటను కాపాడడానికి తప్పు దాచుకుని లోపలికెళ్తే, లోపల్నుంచి ఏం తీసుకుని బయటికొస్తుంది? గోడ మీద ఒక గడి. శుక్రవారం తొంభై మంది ముందు ముందుగా లేవాల్సింది తనే, లేచి ఏం చెబుతుంది, ఈ వారం ఏమీ లేదనా?

ఫోను వణికింది. అమ్మ.

"పిలిచారా?"

"ఇంకా లేదమ్మా."

"స్క్రూ మళ్ళీ ఊడింది. దారంతో కట్టాన్లే, బాగానే ఉంది. ఏంటి గొంతు అలా ఉంది, ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"తప్పు దొరికిందమ్మా."

"ఎవరిది?"

"నాదే."

"ఓస్, నేనింకా ఎవరిదో అనుకున్నా. సరే పెట్టేస్తున్నా, కాలర్లు అట్లాగే ఉన్నాయి."

తలుపు తెరుచుకుంది. అటెండరు బాబాయి తల బయటపెట్టి, "రామ్మా, రెండు నిమిషాల్లో తేల్చేస్తారంట" అని, గొంతు తగ్గించి, "అందరికీ ఆకలేస్తోంది, భయపడకు" అన్నాడు. ప్రసంగం బెంచీ మీదే వదిలేసి లేచింది. లోపల ఏడుగురు, మధ్యలో బిస్కెట్ల పళ్ళెం, ప్రిన్సిపాల్ అప్పటికే ఆరో అంశం మీద పెన్ను ఆనించి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, అది కాదు సార్..." ఆగింది. ఊపిరి పీల్చుకుంది. "ముందు నా తప్పు ఒకటి చెప్పాలి సార్. ఇంకా దిద్దలేదు." చెప్పింది, ఆవిడ నేర్పినట్టే, మూడు ముక్కల్లో. బుధవారం భోజనం మార్చాననుకున్నాను. ప్రోగ్రాము రెండు భోజనాలు పెట్టింది. తేడా ఇక్కడుంది, అని కాగితం బల్ల మీద పెట్టి వేలు చూపించింది. ఏడు తలలు వంగాయి. పరీక్షల అధికారి తన వేలు కూడా పెట్టాడు, నాలుగు మీద, ఐదు మీద, మళ్ళీ నాలుగు మీద.

"అంటే ఏడాదంతా బుధవారం రెండుసార్లు తిన్నారా?"

"అవును సార్."

"ఒక్కరైనా చెప్పలేదా?"

"మీరైతే చెప్పేవారా సార్?"

లైబ్రేరియన్ బిస్కెట్ గొంతుకడ్డం పడి దగ్గింది, ఆ దగ్గు నవ్వులోకి తిరిగింది, అది ఒక్కొక్కరికీ అంటుకుంది, ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పరీక్షల అధికారి మాత్రం నవ్వలేదు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "పోయినేడు మొదటి సెమిస్టరు," అన్నాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా, "ఏడో ప్రశ్న రెండుసార్లు అచ్చయింది. చూసుకోలేదు. పిల్లలు రెండుసార్లు రాశారు, ఒకే జవాబు, ముత్యాల్లాంటి దస్తూరీతో. రెండుసార్లూ మార్కులు వేయించాను. ఎవరికీ చెప్పలేదు." ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఆ దిగడం ఆమెకు తెలుసు, హాల్లో ప్రతి శుక్రవారం చూసేదే. అంత పెద్ద మనిషిని ఎవరేమంటారు, ఆమె మాత్రం తొంభై మందికీ ఎప్పుడూ చెప్పేదే చెప్పింది, "థాంక్యూ సార్. ఇంకెవరైనా?" గణితం హెడ్డు మెల్లగా చేయెత్తాడు.

రెండు నిమిషాలన్నది ముప్పావుగంట పట్టింది. ఆ రోజు ఏడుగురూ ఆలస్యంగా భోంచేశారు. పరీక్షా సాధనకి బుధవారం ఐదో గంట దక్కింది, రెండో భోజనం పోయినందుకు మొదటి సంవత్సరం పిల్లలు మూడు రోజులు మొహాలు మాడ్చుకున్నారు, క్యాంటీను అతను వారం. శుక్రవారం చివరి గంట శుక్రవారం చివరి గంటగానే ఉండిపోయింది. ఆ వారం ముందుగా లేచింది ఆమె, రెండోవాడిగా లేచింది, ఎవరూ పిలవకుండానే వచ్చి వెనక వరసలో కూర్చున్న పరీక్షల అధికారి.

ఇది చదువుతున్నవాళ్ళకి ఒక్క మనవి. రేపో ఎల్లుండో మీ చేతిలో పని ఏదో ఒకటి తిరగబడుతుంది, లెక్కో, ఉత్తరమో, వంటో, ప్రోగ్రామో. దాన్ని గుట్టుగా దిద్దేసుకునే ముందు పక్కన ఎవరుంటే వాళ్ళకి చెప్పండి, ఇలా అనుకున్నాను, అలా అయింది అని. వాళ్ళు వినకపోయినా పర్వాలేదు. ఆ కాసేపూ 'తర్వాత మేడమ్'ని తలుచుకోండి. ఆవిడే ఉండి ఉంటే చేస్తున్న పని వదిలేసి, కుర్చీ మీ దగ్గరికి లాక్కుని, పూర్తిగా వినేది.